బెర్న్‌లో ఉత్తరాలు, జెనీవాలో గాలివానలు

స్విట్జర్లండు అనగానే మనవాళ్ళకు మంచుకొండలూ, సినిమా పాటలూ, చాకొలెట్లూ గుర్తుకొస్తాయి. ఆ దేశపు ప్రభుత్వం కొలువున్న ఊరు ఏదంటే మాత్రం చాలామంది జ్యూరిచ్ అనో, జెనీవా అనో అనేస్తారు. కాదండీ, బెర్న్. మా మేనకోడలు లొసాన్‌లో ఉద్యోగం చేస్తోంది. "మామయ్యా, బెర్న్‌లో ఏముంది, ఎలుగుబంట్లు తప్ప? రెండు గంటల్లో చూసేయొచ్చు" అంది. ఎలుగుబంట్లు ఉన్న మాట నిజమే. ఊరి పేరులోనూ జెండాలోనూ ఎలుగుబంటే. ఆరె నది ఒడ్డున వాటికొక తోట కూడా కట్టించి పెట్టారు. కానీ నేను వెళ్ళింది వాటికోసం కాదు. చిన్నప్పటినుంచీ స్టాంపులు పోగుచేసే పిచ్చి ఉన్నవాడిని. ఆ పిచ్చి ఉన్నవాడికి బెర్న్ అంటే, సంగీతం తెలిసినవాడికి తిరువయ్యూరు ఎలాగో అలాగ.

లొసాన్ నుంచి రైలులో గంటా పది నిమిషాలు. ఆరె నది పాత ఊరిని మూడు వైపులా చుట్టుకుని, పచ్చగా, చల్లగా, చెప్పలేనంత వేగంగా పోతుంది. వీధుల కిరువైపులా రాతి కమానుల కింద నడవాలు. అన్నీ కలిపితే ఆరు కిలోమీటర్ల పొడవుంటాయట. వాన పడుతున్నా గొడుగు విప్పకుండా బజారు పని చక్కబెట్టుకోవచ్చు. మన విజయవాడ వన్‌టౌన్‌లో ఎవరైనా ఇలాంటిది కట్టిస్తే ఎండాకాలంలో ఎంత పుణ్యమో అనుకున్నాను. నడి వీధిలో గడియారపు గోపురం. గంట కొట్టేముందు అందులోంచి బొమ్మలు బయటికొచ్చి ఆడతాయి. దానికి నాలుగడుగుల దూరంలో ఐన్‌స్టీన్ గారు 1905లో కాపురమున్న వాటా. ఇవన్నీ అందరూ చూసేవే కనుక వాటి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు.

స్టేషనుకు దగ్గరలో, పార్లమెంటు భవనం పక్కనే, క్లైనె షాంజె అని చిన్న ఉద్యానవనం ఉంది. అందులో ఉంది నేను చూడవలసిన విగ్రహం. పెద్ద రాతిగుట్ట, దానిమీదినుంచి లేచిన మేఘం, మేఘం మీద కంచు భూగోళం. ఆ గోళం చుట్టూ ఐదుగురు స్త్రీలు గాలిలో తేలిపోతూ, ఒకరి చేతినుంచి ఒకరి చేతికి ఉత్తరాలు అందించుకుంటున్నారు. ఐదు ఖండాలన్నమాట. కింద గుట్ట పక్కన బెర్న్ నగరమాత నింపాదిగా కూర్చుని ఉంది, ఈ హడావిడి అంతా తనకు అలవాటే అన్నట్టు. సేంట్ మార్సో అనే ఫ్రెంచి శిల్పి చేశాడు, 1909లో ఆవిష్కరించారు. ప్రపంచ తపాలా సంఘానికి ముద్ర ఈ బొమ్మే. ఆ సంఘానికి 75 ఏళ్ళు నిండిన 1949లో మన దేశం కూడా భూగోళమూ అశోకస్తంభమూ వేసి స్టాంపులు తెచ్చింది. మా నాన్నగారి పాత ఆల్బంలో వాటిలో ఒకటి ఉండేది.

మా అమ్మాయి ఆ విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, "బాగానే ఉంది మామయ్యా, కానీ ఉత్తరానికి ఇంత హంగామా దేనికి? స్టాంపు అంటించి డబ్బాలో వేస్తే వెళుతుంది కదా?" అంది.

అదే కదా అసలు సంగతి! స్టాంపు అంటించి వేస్తే వెళుతుంది. అలా ఎందుకు వెళ్ళాలి? బందరులో కొన్న స్టాంపు మీద బొమ్మ మన ప్రభుత్వానిది, డబ్బు మన ఖజానాకు చేరింది. దారిలో ఆ సంచిని మోసినవాళ్ళు వేరే దేశాలవాళ్ళు. చివరికి బాస్టన్‌లో మంచులో నడిచి మనమ్మాయి గుమ్మంలో వేసే పోస్టుమానుకు జీతమిచ్చేది మరో ప్రభుత్వం. మన రూపాయి స్టాంపు చూసి అతనెందుకు కదలాలి?

నూట యాభై ఏళ్ళ కిందట నిజంగానే కదిలేవాడు కాదు. ఒక్కొక్క దేశం మరొక్కొక్క దేశంతో విడివిడిగా ఒడంబడికలు రాసుకునేది. ఉత్తరం ఎన్ని సరిహద్దులు దాటితే అన్ని సుంకాలు. ఏ ఓడలో వెళితే ఆ ఓడ రేటు. అమెరికానుంచి ఆస్ట్రేలియాకు అర ఔన్సు ఉత్తరం పంపాలంటే దారినిబట్టి 5 సెంట్లు, 33, 45, 60, లేకపోతే డాలరు 2 సెంట్లు! తూనికలు కూడా ఒకచోట ఔన్సులు, ఒకచోట గ్రాములు, మరోచోట లోతులు. పోస్టాఫీసు గుమాస్తాకు భూగోళమూ, లెక్కలూ, ఓడల కాలపట్టికా అన్నీ వస్తేనే ఒక ఉత్తరం బుక్కయ్యేది. వలస వెళ్ళిన కొడుకు క్షేమం తెలుసుకోవడం, డబ్బున్నవాళ్ళ వేడుక.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు హైన్‌రిష్ ఫన్ ష్టెఫాన్ అనే జర్మన్ తపాలా అధికారి. మామూలు పనివాడి కొడుకు, గుమాస్తాగా చేరి శాఖాధిపతి అయ్యాడు. ప్రపంచమంతా తపాలాకు ఒకే ఊరు అనుకుందాం అన్నాడు. 1868లోనే ఈ మాట అన్నాడు గాని, ఇంతలో జర్మనీకీ ఫ్రాన్సుకూ యుద్ధం వచ్చిపడింది. అది చల్లారాక 1874 సెప్టెంబరులో 22 దేశాలవాళ్ళు ఈ బెర్న్‌లో సమావేశమై, అక్టోబరు 9న సంతకాలు పెట్టారు. ఆ సంతకాలు పెట్టిన పాత మందిరం ఇప్పటికీ ఉంది. అందులో భోజనశాల నడుస్తోంది. బయట పెట్టిన ధరల పట్టిక చదివి, మేము తెచ్చుకున్న పులిహోర ఆరె ఒడ్డున తిన్నాం.

ష్టెఫాన్ ఒప్పందంలో నాకు భలే నచ్చేది దాని లెక్క. లెక్కే లేకపోవడం దాని లెక్క! ఏ దేశంవాడు అమ్మిన స్టాంపు డబ్బు ఆ దేశానికే. నీ ఉత్తరాలు నేను ఊరికే పంచుతాను, నా ఉత్తరాలు నువ్వు ఊరికే పంచు. ఎందుకంటే ఉత్తరం రాసినవాడికి జవాబు వస్తుంది; వచ్చినన్ని పోతాయి, పోయినన్ని వస్తాయి. మధ్యలో మోసిన దేశానికి మాత్రం కొంత కూలి. ఇరుగు పొరుగు ఇళ్ళవాళ్ళు కాఫీపొడి అప్పులు రాసుకోరు చూడండి, అలాగ. ఫ్రాన్సు వాళ్ళు అనుమానించి కొన్నాళ్ళు దూరంగా ఉండి, 1876లో చేరారు. ఆ సంవత్సరమే జూలై 1న మన దేశం కూడా చేరింది, అప్పటికి తెల్లవాళ్ళ ఏలుబడిలోనే అనుకోండి. ఇప్పుడు సభ్యదేశాలు 192.

ఒక చిత్రం. ఈ ష్టెఫాన్ తన దేశపు తపాలాశాఖలోంచి ఫ్రెంచి మాటలను వందలకొద్దీ ఏరిపారేసి జర్మన్ మాటలు పెట్టిన మనిషి. అటువంటివాడు పునాది వేసిన సంఘానికి అధికార భాష ఏమిటయ్యా అంటే, ఫ్రెంచి. మన ఊళ్ళలో విమానం కవరు మీద నీలం చీటీ అంటించేవారే, 'పార్ ఏవియన్' అని, అది ఆ ఫ్రెంచే. 'విమానం ద్వారా' అని అర్థం. మా ఊరి పోస్టుమాస్టరుగారు దాన్ని 'పారావియన్' అని ఒకటే మాటగా చదివి, అదేదో విమానాల కంపెనీ పేరు అనుకునేవారు. మీ ఇంట్లో విదేశం పంపిన రిజిస్టరు పార్సిలు రసీదు ఉంటే తీసి చూడండి. మొదట రెండక్షరాలు, మధ్య తొమ్మిది అంకెలు, చివర 'ఐఎన్' అని మన దేశపు గుర్తు ఉంటుంది. ఆ పదమూడు గుర్తుల పద్ధతి బెర్న్‌లో కుదిర్చిందే. నైరోబీలో గుమాస్తా అయినా, టోకియోలో గుమాస్తా అయినా ఆ చీటీని ఒకేలా చదువుతారు. అంధుల కోసం ముద్రించిన బ్రెయిలు పుస్తకాలు మామూలు తపాలాలో స్టాంపు ఖర్చు లేకుండా దేశాలు దాటుతాయన్న సంగతీ చాలామందికి తెలియదు. అదీ ఈ సంఘం నియమమే.

మధ్యాహ్నం ట్రాములో సంఘం కార్యాలయం చూడటానికి వెళ్ళాం. దారిలో హెల్వెషియా చౌకులో మరో పెద్ద శిల్పం ఉంది. అది తంతి సంఘానిది, 1922 నాటిది. ఆ సంఘం కథ జెనీవాలో వస్తుంది. తపాలా సంఘం ఉన్న వీధి పేరే ప్రపంచ తపాలా వీధి. 1970లో కట్టిన ఆఫీసు భవనం. ఎదురుగా జెండాల వరుస. నిజం చెప్పొద్దూ, చూడటానికి మన జిల్లా కలెక్టరేటు కంటే గొప్పగా ఏమీ లేదు. లోపలికి వెళ్ళడానికి మాకు పని లేదు గనుక వాళ్ళు రమ్మనలేదు, మేము అడగలేదు. గేటు ముందు నిలబడి, 2025లో మా ఎదురింటి పంతులమ్మగారి సంగతి మా అమ్మాయికి చెప్పాను.

ఆవిడ మనవరాలు అమెరికాలో పుట్టింది. దసరాకు అందేట్టు పట్టుపావడా, జాకెట్టూ తనే కుట్టి, ఇంత సున్నిపిండి కలిపి పార్సిలు కట్టారు. సెప్టెంబరు మొదటి వారంలో మా పేట పోస్టాఫీసుకు పట్టుకెళితే, గుమాస్తా నొచ్చుకుంటూ, "అమెరికాకు ఉత్తరమైనా తీసుకోవడం లేదమ్మా" అన్నాడు. ఆవిడ నమ్మలేదు. నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. పోస్టాఫీసు వద్దంటుందని ఎప్పుడూ వినలేదు.

జరిగింది ఇది. 800 డాలర్ల లోపు వస్తువులకు సుంకం అక్కర్లేదని అమెరికాలో ఎన్నాళ్ళుగానో ఉన్న సడలింపును ఆ ప్రభుత్వం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. సుంకం ముందే వసూలు చేసి కట్టాలన్నారు. ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలలేదు. విమానాలవాళ్ళు మేము మోయమన్నారు. మన తపాలాశాఖ ఆగస్టు 25 నుంచి పార్సిళ్ళు ఆపి, నెలాఖరుకు అన్నీ ఆపింది. మనవాళ్ళే కాదు, ఎనభై పైచిలుకు దేశాల తపాలావాళ్ళు అంతో ఇంతో ఆపేశారు. అమెరికాకు వెళ్ళే తపాలా ఒక్కసారిగా ఐదో వంతుకు పడిపోయిందని ఈ బెర్న్ ఆఫీసే లెక్క చెప్పింది. సుంకం ఎంతో బుక్ చేసేచోటే లెక్కగట్టి కట్టించుకునే ఏర్పాటు ఒకటి ఇక్కడివాళ్ళు తయారుచేసి సభ్యదేశాల కిచ్చారు. మనదేశం అక్టోబరు 15న మళ్ళీ తీసుకోవడం మొదలుపెట్టింది. దసరా అప్పటికి వెళ్ళిపోయింది. పావడా దీపావళికి కూడా అందలేదు, నవంబరులో అందింది. పిల్ల అప్పటికి కాస్త ఎదిగిందట. ఒక మడత విప్పి తొడిగామని కూతురు ఫొటో పంపింది. మడత పెట్టి కుట్టడం ఆవిడ ముందుచూపు.

ఇంత పెద్ద ఏర్పాటు ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో అప్పుడు తెలిసింది మా వీధికి. ఇదేమీ మొదటిసారి కాదు. ఊరికే పంచుకుందామన్న ఆ పాత లెక్క 1969లోనే మారింది. వచ్చినవి ఎక్కువా పోయినవి తక్కువా ఉన్న దేశాలు నష్టపోతున్నామని మొరపెడితే, పంచినందుకు కూలి ఇవ్వాలని పెట్టారు. పెద్ద దేశాలు ఎక్కువ, బీద దేశాలు తక్కువ ఇచ్చే పద్ధతి. తరువాత చైనానుంచి అంగడి సామాను చిన్న చిన్న పొట్లాలుగా చవగ్గా వచ్చిపడుతుంటే అమెరికాకు కోపం వచ్చి, 2018 అక్టోబరులో సంఘం వదిలిపోతామని నోటీసిచ్చింది. 2019 సెప్టెంబరులో జెనీవాలో ప్రత్యేకంగా సమావేశమై, ఎవరి రేటు వారు క్రమంగా పెట్టుకోవచ్చని సర్దుబాటు చేసుకుంటే ఉండిపోయింది. నా మట్టుకు నాకు అమెరికా ఫిర్యాదులో కొంత న్యాయం ఉందనే అనిపిస్తుంది. కానీ పొట్లాల వ్యాపారులమీది కోపం పంతులమ్మగారి పావడామీద పడటం నాకు నచ్చలేదు.

మర్నాడు జెనీవా. లొసాన్‌నుంచి ముప్పావుగంటలోపే, ఎడమచేతి వైపు సరస్సు, కుడిచేతి వైపు ద్రాక్షతోటలు. సరస్సులోంచి ఆకాశానికి ఎగజిమ్మే నీటిధార చూశాక, ట్రామెక్కి దేశాల చౌకులో దిగాం. ఒక కాలు విరిగిన పెద్ద కర్రకుర్చీ, ఎత్తు 12 మీటర్లు, అక్కడ నిలబెట్టి ఉంది. మందుపాతరలకు కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ గుర్తుగా 1997లో పెట్టారట. దాని పక్కనే టెలికమ్యూనికేషన్ సంఘం భవనాలు. 1865లో పారిస్‌లో 20 దేశాలు తంతికోసం పెట్టుకున్న సంఘమే, బెర్న్‌లో చాలాకాలం ఉండి 1948లో ఇక్కడికి వచ్చింది. మన ఫోను నంబరుకు ముందు 91 అని ఉంటుందే, దేశాలకు అలాంటి సంఖ్యలు పంచేది వీళ్ళే. రేడియో తరంగాలు ఒకదానినొకటి తొక్కుకోకుండా హద్దులు గీసేదీ వీళ్ళే. మా అమ్మాయి అంతర్జాలం గురించి ఏదో చెప్పబోయింది కాని, నా మనసు అప్పటికే నాలుగు అడుగుల అవతల అద్దాల మేడమీద ఉంది.

అది ప్రపంచ వాతావరణ సంస్థ. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

మా పెదనాన్నగారిది నాగాయలంక దగ్గర పల్లె. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. తాటిచెట్ల మొవ్వుల్లో శవాలు చిక్కుకున్నాయని, పశువులు లెక్కలేకుండా పోయాయని చిన్నప్పుడు విన్నదానికంటే, వాళ్ళింటి గోడమీద మనిషికన్న ఎత్తున ఆగిన నీటిగీత చూసిందే నాకు జ్ఞాపకం. సర్కారు లెక్కల్లో మృతులు పదివేలమంది. అంతకు చాలా ఎక్కువని ఇప్పటికీ అక్కడివాళ్ళంటారు. ఆ కాలంలో హెచ్చరిక అంటే రేడియో మాట. కరెంటు పోయి తీగలు తెగాక అదీ లేదు. పెదనాన్నగారు బతికి బయటపడ్డారు, పెద్దమ్మ దక్కలేదు. ఆయన తరువాత ఎప్పుడూ సముద్రంవైపు కిటికీ తెరవలేదు.

మరి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదే వచ్చి పడింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి. చెట్టు మిగల్లేదు, విమానాశ్రయం కప్పు మిగల్లేదు. కాని ఎక్కడ తీరం తాకుతుందో ముందే చెప్పారు. లక్షలమందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య మన రాష్ట్రంలో పదుల్లో ఆగింది. ఉపగ్రహాలు, రాడార్లు, తుఫాను షెల్టర్లు, అధికారుల శ్రమ, అన్నిటికీ అందులో పాలు ఉంది. ఈ జెనీవా ఆఫీసు పాలు ఏమిటంటే, లోకమంతా ఒకే వేళకు గాలిని కొలిచి, కొలిచింది దాచుకోకుండా ఒకరికొకరు ఇచ్చుకునే ఏర్పాటు. 1963లో మొదలైంది. అమెరికా, రష్యా ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజులవి. అయినా ముఖ్య కేంద్రాలు మూడు పెడితే ఒకటి వాషింగ్టన్‌లో, ఒకటి మాస్కోలో, ఒకటి మెల్‌బోర్న్‌లో పెట్టారు. బాంబుల లెక్క చెప్పుకోకపోయినా మబ్బుల లెక్క చెప్పుకున్నారు.

మన బంగాళాఖాతానికీ, అరేబియా సముద్రానికీ 1972 నుంచి ఒక ప్రత్యేక సంఘం ఉంది. తుఫాను పుడితే కనిపెట్టి చుట్టుపక్కల దేశాలన్నిటికీ చెప్పే బాధ్యత ఢిల్లీ కేంద్రానిది. పేర్లు పెట్టేదీ ఢిల్లీయే, కాని పేర్లు ఇచ్చేది అందరూ. 2004లో ఎనిమిది దేశాలు తలా ఎనిమిది ఇచ్చాయి, మొత్తం 64. అవి 2020లో అంఫన్‌తో అయిపోయాయి. ఈసారి 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చాయి, 169. హుద్‌హుద్ ఒమాన్ ఇచ్చిన పేరు, ఒక పిట్ట పేరు. 2018లో శ్రీకాకుళాన్ని చీల్చిన తిత్లీ పాకిస్తాన్ పెట్టిన పేరు, సీతాకోకచిలుక. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ పేరు మయన్మార్‌ది. ఇండియా పేరున్న తుఫాను మస్కట్‌లో చెట్లు కూల్చవచ్చు, పాకిస్తాన్ పేరున్నది పలాసలో జీడితోటలు కూల్చింది. రెండు దేశాలకూ మాటల్లేని రోజుల్లో కూడా ఆ పట్టికలో మాత్రం పేర్లు పక్కపక్కనే ఉంటున్నాయి. "పేర్లు ఇంత ముద్దుగా ఎందుకు పెడతారు మామయ్యా?" అంది అమ్మాయి. పలకడానికి తేలిగ్గా ఉండాలనీ, ఎవరి మనసూ నొప్పించకూడదనీ నియమమట. పలాస రైతు మనసు సంగతి ఆ నియమంలో రాయలేదు.

అప్పటికి జెనీవాలో మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఎండ సుఖంగా ఉంది. గాలిని కొలవడానికి లోకమంతటా రోజుకు రెండు పూటలు బెలూన్లు వదులుతారు, ఒకే గడియారం ప్రకారం. మన లెక్కలో తెల్లవారు ఐదున్నర, సాయంత్రం ఐదున్నర. మన బందరులోనూ వదులుతారు, విశాఖలోనూ వదులుతారు. బెలూను కింద చిన్న పెట్టె కట్టి ఉంటుంది. అది పైకి పోతూ వేడీ, తేమా, గాలీ చెబుతుంది. చివరికి బెలూను పగిలి, ఏ పొలంలోనో, సముద్రంలోనో పడుతుంది. నా గడియారం ఇంకా మన టైములోనే ఉంచాను. ఐదూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. "పద మామయ్యా, రెండున్నర బండి అందుకుందాం" అని మా అమ్మాయి తొందరపెడితే స్టేషను ట్రామెక్కాం.